అసలైన రైడర్ అంటే ఎవరు? కడప దావల్లో బండి తోలేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఆదివారం పొద్దున కడపలో ఒక ఖాళీ మైదానంలో కుర్రవాళ్లకు బండి తోలడం నేర్పుతుంటాను. ఇరవై ఏళ్ల నుంచి ఇదే అలవాటు. వచ్చే ముఖాలు మారుతున్నాయి, సందేహాలు మాత్రం అవే. "అన్నా, అసలైన రైడర్ అంటే ఎవరు?" అని మొదలై, మాట హెల్మెట్ ధర దగ్గరికో రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ దగ్గరికో పోతుంది. పది మందికి పది సార్లు చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా పోయి చదువుకోవచ్చు.

## బండి కొనక ముందు

అన్నా, 100 సీసీ బండి తోలేవాడిని కూడా రైడర్ అంటారా?

ముందు వాళ్లనే అనాలి. తెల్లారుజామున చెన్నూరు వైపు నుంచి కడపకు పాల క్యాన్లతో వచ్చేవాళ్లను ఒకసారి గమనించండి. బండికి రెండు వైపులా నిండు క్యాన్లు వేలాడుతుంటాయి, లోపల పాలు ఊగుతుంటాయి. గట్టిగా బ్రేకు వేస్తే ఆ ఊపు బండిని ముందుకు తోస్తుంది, మలుపులో పక్కకు లాగుతుంది. బరువంతా వెనకే ఉండటంతో హ్యాండిల్ తేలికైపోతుంది. అయినా వాళ్లు గుంత దూరంలో ఉండగానే యాక్సిలరేటర్ వదులుతారు, కాలు కింద పెట్టకుండా ఇరుకు సందులో మలుపు తిరుగుతారు, చుక్క పాలు ఒలకనివ్వరు. సీసీ అంటే సిలిండర్ లోపల ఎంత ఖాళీ ఉందో చెప్పే లెక్క. తోలేవాడి చేతిలో ఏముందో ఆ అంకె చెప్పదు.

బుల్లెట్టో ఆర్‌ఎక్స్ 100 బండో ఉంటేనే లెక్క అంటారు మా స్నేహితులు. నిజమా?

ఆ బండ్ల మీద ప్రేమ నాకూ ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లాండులో పుట్టింది, 1955 నుంచి మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలైంది. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి 1985లో వచ్చింది, 1996 దాకా తయారైంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, తేలికైన ఒళ్లు. యాక్సిలరేటర్ తిప్పగానే దూకుతుంది. అయితే దాని బ్రేకులు ఆ కాలం నాటివి, ముందు చక్రానికీ డ్రమ్ బ్రేకే. ఇష్టపడి పాత బండి కొనేవాళ్లు ఇంజను మోత వినడానికి ముందు బ్రేకు లైనర్లు, టైర్లు, ముందు ఫోర్కులు చూసుకోండి. బండి పేరు అడిగి మనిషికి విలువ కట్టే స్నేహితుల మాట మాత్రం పట్టించుకోకండి.

మా వాడికి 16 ఏళ్లు. లైసెన్సు వస్తుంది కదా, బండి కొనివ్వొచ్చా?

16 ఏళ్లకు వచ్చే లైసెన్సు గేర్లు లేని, 50 సీసీ లోపు బండికి మాత్రమే. ఇప్పుడు దొరికే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే, అంటే 18 నిండాల్సిందే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి తోలుతూ దొరికితే శిక్ష పెద్దవాళ్లకు పడుతుంది: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, 12 నెలల పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

ఈ రెండేళ్లు సైకిల్ తొక్కనివ్వండి. వెనక వచ్చే శబ్దాన్ని బట్టి అది ఆటోనా లారీనా అని పోల్చుకోవడం, చోటిచ్చి పక్కకు జరగడం, గుంత తప్పించడం అన్నీ సైకిల్ మీదే వస్తాయి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో సైకిల్ బాగా తొక్కినవాళ్లకే బండి త్వరగా అలవాటైంది.

రోడ్డు పక్కన హెల్మెట్ సగం ధరకే ఇస్తున్నారు. ఎక్కువ పెట్టి ఎందుకు కొనాలి?

నేను ఒకసారి ఆ తప్పు చేశాను. ఐఎస్‌ఐ స్టిక్కరు చూసి నమ్మి కొన్నాను. నెల తిరక్కముందే అది బల్ల మీద నుంచి జారిపడి పైడొప్ప చీలిపోయింది. లోపల గట్టి థర్మోకోల్ ఉండాల్సిన చోట మెత్తటి స్పాంజి ఉంది. ఆ రోజు నా తల దాంట్లో లేదు కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను.

తలను కాపాడేది ఆ థర్మోకోల్ పొరే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ తాకిడిని తాను తీసుకుంటుంది. స్పాంజికి ఆ పని చేతకాదు, దెబ్బను నేరుగా తలకు అప్పజెబుతుంది. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్‌ఐ ముద్ర లేని టూవీలర్ హెల్మెట్ అమ్మడమే నేరం. దొంగ స్టిక్కర్లు ఉన్నాయి కాబట్టి ముద్ర ఒక్కటే చూసి ఊరుకోకండి. లోపలి గుడ్డను కాస్త జరిపి వేలితో నొక్కండి, గట్టిగా తగలాలి. పట్టీ బిగించి వెనక నుంచి పైకి లాగితే ఊడి రాకూడదు. తల తిప్పితే హెల్మెట్ కూడా తలతో పాటే తిరగాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి, నలిగిన థర్మోకోల్ మళ్లీ లేవదు.

ఏబీఎస్ ఉన్న బండే తీసుకోవాలా?

స్తోమత ఉంటే తీసుకోండి. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా అది చూస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు తప్పనిసరి అయింది. అయితే అరిగిన టైరుకు, ఇసుక మీద వేగానికి అది ఏమీ చేయలేదు.

మా అమ్మాయి గేరు బండి నేర్చుకుంటానంటోంది. అంత బరువు మోయగలదా?

బండిని ఎవరూ మోయరు, ఇంజను మోస్తుంది. చూడాల్సింది సీటు ఎత్తు. కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగమైనా నేలకు గట్టిగా ఆనాలి. మొదట ఇంజను ఆపి బండిని పక్కన పట్టుకుని నడిపించడం, స్టాండు వేయడం, తీయడం వారం రోజులు చేయించండి. బరువు ఎక్కడ ఆగుతుందో ఒంటికి తెలిసిపోతుంది. చున్నీ గొలుసులో పడకుండా కట్టుకోవడం మొదటి రోజే నేర్పండి. మగపిల్లలు రెండో రోజుకే వేగం అడుగుతారు, ఆడపిల్లలు బ్రేకు గురించి అడుగుతారు. నేర్పేవాడిగా నాకు ఆ రెండో ప్రశ్నే ఇష్టం.

## నేర్చుకునేటప్పుడు

ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతామని మా మామ చెప్పాడు. వెనక బ్రేకు చాలదా?

చాలదు. మన ఊళ్లలో ప్రాణాలు తీస్తున్న నమ్మకాల్లో ఇదొకటి. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది, ముందు టైరు నేలను గట్టిగా అదుముతుంది, వెనక టైరు తేలికవుతుంది. అందుకే బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కితే ఆ తేలికైన టైరు బిగుసుకుని తోకలా పక్కకు జారుతుంది, బండి మాత్రం అనుకున్న చోట ఆగదు.

పల్టీ కొట్టేది ఎప్పుడంటే, భయంతో ఒక్కసారిగా గుప్పిట బిగించినప్పుడు, లేదా హ్యాండిల్ తిరిగి ఉండగా పట్టినప్పుడు. నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కాలి. హ్యాండిల్ నిటారుగా ఉండాలి, రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ఇసుక, కంకర, తడి మట్టి మీద మాత్రం ముందు బ్రేకు చాలా సున్నితంగా. గంటకు 60 కి.మీ. వేగంలో ఉంటే ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతాం. బ్రేకు వేయాలని తోచి చెయ్యి కదిలేలోపే ఆ దూరం అయిపోతుంది. కాబట్టి ఖాళీ మైదానంలో 20 వేగంతో మొదలుపెట్టి, తర్వాత 30, తర్వాత 40, చేతికి అలవాటయ్యేదాకా ఆపుతూనే ఉండండి. నేను ఇప్పటికీ నెలకోసారి చేస్తాను.

బండి బాగా వచ్చేసిందని ఎలా తెలుస్తుంది?

మనిషి నడిచే వేగంతో కాలు కింద పెట్టకుండా ఎంతసేపు తోలగలరో చూడండి. వేగంలో చక్రాలే బండిని నిలబెడతాయి, మెల్లగా పోయేటప్పుడు నిలబెట్టేది మీరు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పించేది అందుకే. క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకు కాస్త తొక్కి పట్టి, చూపు దూరంగా పెట్టి తిప్పాలి. కడప బజారు వైవీ స్ట్రీట్‌లో పండగ ముందు రోజు సాయంత్రం ఎవరికీ తగలకుండా, ఎవరినీ విసుక్కోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేశారంటే మీకు బండి వచ్చినట్టే.

మలుపులో బండి నేను అనుకున్నట్టు తిరగదు, రోడ్డు బయటికి పోతుంది. ఎందుకు?

మీరు రోడ్డు అంచునో ఎదురుగా వచ్చే లారీనో చూస్తున్నారు. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. తల తిప్పి మలుపు చివరను చూడండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: కాస్త వేగంలో ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి పిడిని మెల్లగా ముందుకు నెట్టాలి. బండి ఎడమకు వాలి ఎడమకే తిరుగుతుంది. కుడికైతే కుడి పిడి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ తెలియకుండానే అందరూ చేసేది అదే. తెలిసి చేస్తే మలుపులో టెన్షన్ ఉండదు. బ్రేకు పని మలుపు రాకముందే ముగించుకోండి.

వీలీ కొట్టగలిగితే మంచి రైడర్ అయినట్టే కదా?

ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు మీకు హ్యాండిల్ లేదు, ముందు బ్రేకు లేదు. అదే క్షణంలో బడి పిల్ల రోడ్డు దాటితే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ విద్య మీద నిజంగా ఆశ ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. సూటు, బూట్లు వేసుకుని అలాంటి చోట నేర్చుకోండి. 2015లో డాకర్ ర్యాలీ అనే దూరపు ఎడారి రేసు పూర్తి చేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ మన పక్కనున్న బెంగళూరు మనిషే. ఆ ఆట ఆడే చోట్లు వేరే ఉన్నాయి.

## రోజూ తోలేటప్పుడు

రోడ్డు మీద కొర్రలు, ఉలవలు ఆరబోసి ఉంటే ఏం చేయాలి?

నేను మొదటిసారి పడింది దీని వల్లనే. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో, మలుపు దాటగానే సగం రోడ్డుకు కొర్ర పరిచి ఉంది. భయపడి ముందు బ్రేకు పట్టాను. ఆ సన్న గింజలు టైరు కింద గోలీల్లా దొర్లాయి. మోచేయి చర్మం ఊడింది. నన్ను లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించింది ఆ కొర్ర పోసిన రైతే.

కోతల కాలంలో ప్రతి మలుపు వెనకా కళ్లం ఉంటుందనుకుని తోలండి. పంట చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు, రాత్రిపూట ఆ రాళ్లే ఎక్కువ ప్రమాదం. గింజల మీద పోక తప్పకపోతే ముందే వేగం తగ్గించి, హ్యాండిల్ నిటారుగా పట్టి, బ్రేకు ముట్టకుండా, ఒకే తీరు యాక్సిలరేటర్‌తో దాటండి. యర్రగుంట్ల వైపు సిమెంటు లారీల దుమ్ము, నాపరాళ్ల పాలిష్ యూనిట్ల దగ్గర కారే తెల్లటి బురద కూడా ఇలాగే జారుతాయి, అందులోనూ తొలి చినుకు పడినప్పుడు.

గొర్రెల మంద అడ్డం వస్తే హారన్ కొట్టి దారి చేసుకోవాలా?

హారన్ కొడితే మంద బెదిరి నాలుగు దిక్కులకూ చెదురుతుంది. ఆగండి. కాపరి వైపు చూసి చెయ్యి ఎత్తండి. ఆయన ఒక్క కేక వేస్తే మంద ఒక పక్కకు జరుగుతుంది. ముందు గొర్రె ఎటు పోతే మిగతావి అటే పోతాయి కాబట్టి, రెండు గొర్రెల మధ్య సందు కనిపించింది కదా అని దూరొద్దు. పట్టేది రెండు నిమిషాలు. ఆ కాపరికి ఒక్కో గొర్రె వేల రూపాయల ఆస్తి.

ఊళ్లోనే కదా, రెండు కిలోమీటర్లకు కూడా హెల్మెట్ పెట్టుకోవాలా?

ఆగి ఉన్న బండి మీద నుంచి పక్కకు పడినా, మీ తల నేలను తాకే వేగం గంటకు దాదాపు 20 కి.మీ. ఉంటుంది. దానికి దూరంతో పని లేదు. హెల్మెట్ లేకపోతే చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్ అని అందరికీ తెలుసు. పట్టీ బిగించని హెల్మెట్ మాత్రం చాలామంది నెత్తిన కనిపిస్తుంది. అది తలకంటే ముందే ఎగిరిపోతుంది.

అమ్మను వెనక కూర్చోబెట్టుకుంటే భయపడుతుంది. ఎలా తోలాలి?

ఒక పక్కకు కూర్చున్నప్పుడు బరువు ఆ పక్కకే లాగుతుంది కాబట్టి బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు జాగ్రత్త. చీర గార్డు, పట్టుకోవడానికి పిడి, పాదం పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. అందం కోసం చీర గార్డు తీసేసే కుర్రవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కొంగు నడుముకు చుట్టించండి. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలుంటే తోలేవాళ్లకు కట్టే బెల్టు, పిల్లల హెల్మెట్, 40 కి.మీ. లోపు వేగం అని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది.

గేరు మార్చినప్పుడు వెనకున్నవాళ్ల హెల్మెట్ మీ హెల్మెట్‌కు తగులుతోందంటే మీరు కుదుపుతున్నారు. గుంత వచ్చే ముందు "అమ్మా, గుంత" అని ఒక్క మాట చెప్పండి. పది రోజుల్లో ఆమె భయం తగ్గుతుంది.

సైలెన్సర్ మారిస్తే బండి పికప్ పెరుగుతుందా?

పెరిగేది శబ్దం. ఆసుపత్రి పక్క వీధిలో పడుకున్నవాళ్లకు తెలుస్తుంది అది ఎంతో. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తీసేసి మోత మోగించడం చట్టం కింద తప్పు కూడా.

కొంచెమే తాగాను, మెల్లగా పోతాను. పర్వాలేదా?

పర్వా ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అంతకన్నా తక్కువలోనే బ్యాలెన్సు, చూపు మందగిస్తాయి. ఆటో ఎక్కండి, తాళం స్నేహితుడి చేతికివ్వండి.

అసలైన రైడర్‌కి మెకానిక్ పని అంతా రావాలా?

అంతా అక్కర్లేదు. బండి చెప్పేది వినడం రావాలి. రోజూ పొద్దున బయలుదేరే ముందు రెండు బ్రేకులూ పట్టి చూడండి, టైర్ల మీద చెయ్యి ఆనించి మేకు, గాజుముక్క ఉన్నాయేమో చూడండి. మన దుమ్ము దావల్లో గొలుసు తొందరగా ఎండిపోతుంది. ప్రతి 500 కి.మీ.కు తుడిచి నూనె వేయండి. గొలుసును మధ్యలో వేలితో కదిపితే చాలా బండ్లకు రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి, మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. గాలి చల్లటి టైరుకు పట్టించాలి. మధ్యాహ్నం కాగిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే రాత్రికి తక్కువవుతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూశారా? 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. టైరు గాడులు బాగున్నా ఎండకు రబ్బరు గట్టిపడిపోతుంది, పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి.

బండిని పాత బట్టతో తుడిచే అలవాటు చేసుకోండి. తుడిచే చెయ్యికే వదులైన బోల్టు, కారుతున్న ఆయిలు తగులుతాయి.

## దూరం పోయేటప్పుడు

మే నెల ఎండలో జాకెట్టా? పల్చటి చొక్కా చాలదా?

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట 43 ఉన్నప్పుడు తగిలే గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. చెమటను పట్టకముందే ఆరబెట్టేస్తుంది కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టు కూడా తెలియదు. పొడుగు చేతుల నూలు చొక్కా మీద జాలీ గుడ్డ జాకెట్, చేతులకు గ్లౌజులు, మెడకు తడి తువ్వాలు వేసుకోండి. గంటకోసారి ఆగి ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. తల తిరిగినట్టు, ఒళ్లు జలదరించినట్టు అనిపిస్తే అది వడదెబ్బ మొదలు. వెంటనే చెట్టు నీడకు చేరండి. నిజానికి మే నెలలో పదకొండు నుంచి నాలుగు దాకా దూరం పోకపోవడమే నా పద్ధతి.

ఎండాకాలం ట్యాంకు ఫుల్ చేస్తే పేలుతుందంటున్నారు. నిజమా?

కాదు. పెట్రోలు నిప్పురవ్వ లేకుండా తనంతట తాను అంటుకోవాలంటే వేడి 200 డిగ్రీలు దాటాలి. మన ఎండ ఎంత మండినా అక్కడికి పోదు. మూతి దాకా నింపితే వేడికి వ్యాకోచించి బయటికి కారుతుంది, అందుకే కాస్త ఖాళీ ఉంచమంటారు.

అనంతపురం వైపు పోతే గాలి బండిని తోసేస్తోంది. ఏం చేయాలి?

ఆషాఢం గాలి అది. అక్కడి కొండల మీద అన్ని గాలిమరలు పెట్టారంటేనే అర్థం చేసుకోవచ్చు. హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకుంటే మీ ఒళ్లే తెరచాపలా పనిచేసి బండిని లాగుతుంది. చేతులు వదులుగా పెట్టి, మోకాళ్లతో ట్యాంకును పట్టండి, కాస్త ముందుకు వంగండి. అసలు ప్రమాదం లారీని దాటేటప్పుడు. లారీ పక్కన ఉన్నంతసేపు గాలి ఉండదు, దాని ముందుకు రాగానే ఒక్కసారిగా కొడుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ దెబ్బకు లేను మారిపోయినవాళ్లను చూశాను. లారీకి పక్కగా బాగా ఎడం ఉంచి, దాని ముందుకు వచ్చే క్షణానికి సిద్ధంగా ఉండి దాటండి.

గువ్వలచెరువు ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకులు పట్టడం లేదు. బండిలో లోపమా?

రాయచోటి వైపు నుంచి కడపకు దిగేటప్పుడు చాలామంది పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు. అప్పుడు బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, లైనర్లు కాగి పట్టు పోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. బ్రేకు పట్టి కూర్చోకుండా కాసేపు పట్టి వదులుతూ ఉండండి.

వెనక లోడు లారీ వస్తుంటే పంతానికి పోకుండా చోటు చూసి ఆగి ముందుకు పోనివ్వండి. దాని బ్రేకులు కూడా కాగే ఉంటాయి, ఈ ఘాట్‌లో అలా అదుపు తప్పిన లారీలు ఎన్నో. దిగడానికి ముందు గువ్వలచెరువులో ఆగి ఒక పాలకోవా తినండి. నోరు తీపి అవుతుంది, చేతులకు విశ్రాంతి దొరుకుతుంది.

వానకు జమ్మలమడుగు వైపు మట్టి దారిలో చక్రమే తిరగలేదు. ఎందుకు?

నల్లరేగడి గుణం అది. తడిస్తే జిగురై టైరుకు చుట్టుకుంటుంది, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య బిగుసుకుంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే క్లచ్ ప్లేట్లు కాలడం తప్ప ఒరిగేదేమీ లేదు. దిగి, పుల్లతో మట్టి గీకి, మొదటి గేరులో పెట్టి పక్కన నడుస్తూ గట్టున గడ్డి ఉన్న చోటు మీదుగా తీయండి. వాన ఆగినా ఆ దారి ఆరడానికి ఒక పూట పడుతుంది. చుట్టు దారి ఉంటే అదే దగ్గర దారి.

వంక పారుతోంది, ఆటోలు దాటుతున్నాయి. బండితో దాటొచ్చా?

వద్దు. అడుగు లోతు పారే నీళ్లకే మనిషి కాళ్లు నిలవవు, బండి టైర్లకు ఆ మాత్రం పట్టు కూడా ఉండదు. కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే పైకి కనిపించదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు నీళ్లు ఏం చేశాయో మన జిల్లా మరచిపోలేదు. ఎంతసేపైనా ఒడ్డునే ఆగండి.

రాత్రి ఎంత వేగంలో పోవచ్చు?

మీ లైటు వెలుగు పడినంత దూరంలో ఆగగలిగేంత. 60 వేగంలో ఉన్న బండి ఆగడానికి, మీరు తేరుకునే సమయంతో కలిపి, పొడి రోడ్డు మీద 35 నుంచి 40 మీటర్లు పడుతుంది. డిమ్ లైటు చాలా బండ్లకు అంతకంటే దూరం చూపించదు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, రోడ్డు మీద పడుకున్న గేదె వెలుగులోకి వచ్చేది చివర్లోనే. ఎదుటివాడి లైటు కళ్లల్లో పడితే రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్ల గీతను చూస్తూ పోండి. శ్రీశైలం పోయేవాళ్లు గుర్తుంచుకోండి, నల్లమలలో రాత్రి అడవి గేట్లు మూసేస్తారు, వెలుగుండగానే దాటేలా బయలుదేరాలి.

లడఖ్ పోయి రాకపోతే రైడర్ కాదా?

పోగలిగితే పోయి రండి, గొప్ప దారి అది. అయితే వర్షాలు తగ్గాక ఒక తెల్లవారుజామున జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయి, పెన్నా లోయ మీద ఎండ దిగడం చూసి, మధ్యాహ్నానికి క్షేమంగా ఇంటికొచ్చినవాడిని నేను తక్కువ చేయను.

## దారిలో ఏదైనా జరిగినప్పుడు

దావలో ఎవరో బండి నిలిపి నిలబడి ఉన్నారు. ఆగాలా?

ఆగండి. నన్ను అడిగితే అసలైన రైడర్‌ని గుర్తుపట్టేది ఇక్కడే. ఎక్కువసార్లు అవసరమయ్యేది చిన్నదే: అర లీటరు పెట్రోలు, స్పానరు, లేదా పంక్చర్ అంగడి దాకా ఎక్కించుకుపోవడం. నా సీటు కింద ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు, ఒక క్లచ్ కేబుల్, స్పార్క్ ప్లగ్ ఎప్పుడూ ఉంటాయి. వాటిలో సగానికి పైగా వేరేవాళ్ల బండ్లకే ఖర్చయ్యాయి. రాత్రి వేళ ఒంటరిగా ఉండి అనుమానం కలిగితే కాస్త ముందుకు పోయి ఆగి, అక్కడి నుంచే పిలిచి అడగండి, లేదా 112కు ఫోన్ చేసి చెప్పండి.

యాక్సిడెంటు చూసి ఆగితే పోలీసు కేసులో ఇరుక్కుంటామా?

ఇరుక్కోరు. సాయం చేసినవాళ్లకు రక్షణ ఉండాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. చెప్పేటప్పుడు కిలోమీటరు రాయి మీది అంకె, దగ్గరి ఊరి పేరు చెప్పండి. మీ బండిని కాస్త వెనక నిలిపి ఇండికేటర్ వేయండి, ఇంకో వాహనం వచ్చి గుద్దకుండా.

పడిపోయినవాళ్ల హెల్మెట్ వెంటనే తీసేయాలా?

తీయకండి. మెడ ఎముకకు దెబ్బ తగిలి ఉంటే లాగినప్పుడు వెన్నుపాము తెగొచ్చు. ముందు అద్దం పైకెత్తి, ఊపిరి ఆడుతోందో చూసి, మాట్లాడించండి. ఊపిరి ఆడకపోతేనో వాంతి గొంతుకు అడ్డం పడుతుంటేనో తీయక తప్పదు. అప్పుడు ఒకరు తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టాలి, ఇంకొకరు పట్టీ విప్పి మెల్లగా తీయాలి. నీళ్లు తాగించకండి.

ఒకసారి పడ్డాక బండి ఎక్కాలంటే చేతులు వణుకుతున్నాయి. ఏం చేయాలి?

ఆ వణుకులో సిగ్గుపడాల్సింది లేదు. గాయం మానాక, ఎందుకు పడ్డారో కాగితం మీద రాయండి. ఎదుటివాడి తప్పు ఎంతున్నా, మీ వైపు నుంచి మార్చుకోగలిగింది ఒక్కటైనా రాయండి. తర్వాత మైదానంలో మొదటి గేరు నుంచి మొదలుపెట్టండి. నేను మోచేయి మానాక నెల రోజులు బండి ముట్టలేదు. మొదటి రోజు ఇంజను ఆన్ చేసి, పది నిమిషాలు కూర్చుని, ఆపేసి ఇంట్లోకి వచ్చేశాను. రెండో రోజు వీధి చివర దాకా పోయాను.

## ఏళ్లు గడిచాక

మా నాన్నకు 70 దాటాయి. బండి వద్దంటే బాధపడతాడు. ఎప్పుడు మానిపించాలి?

55 దాటాక లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితం కోసం ఆగకుండా ఏటా కంటి పరీక్ష చేయించండి, శుక్లాలుంటే ఎదుటి లైటు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. మెడ తిప్పి వెనక్కి చూడగలుగుతున్నాడా, బండి మీద కొత్త గీతలు పడుతున్నాయా గమనించండి. మొదట రాత్రి తోలడం మానిపించండి, తర్వాత హైవే, చివరికి ఊళ్లో. ఒక్కసారిగా తాళం లాక్కోకండి.

మా నాన్న ముప్పై ఏళ్లు టీవీఎస్ మోపెడ్ మీదే చేనుకు పోయి వచ్చాడు. మందకు హారన్ కొట్టిన మనిషి కాదు, నిలిచిన బండిని దాటి పోయిన మనిషి కాదు. నేను నేర్చుకున్నదంతా ఆయన వెనక కూర్చునే. ఒక సాయంత్రం మసక వెలుతురులో ఎదుట ఉన్న ఎద్దులబండి ఆయనకు ఆలస్యంగా కనిపించింది. తగల్లేదు. ఇంటికొచ్చి మోపెడ్ తుడిచి, తాళం గోడ మేకుకు తగిలించి, "ఇంక నువ్వు తోలు అబ్బీ" అన్నాడు. ఇప్పుడు చేనుకు పోయేటప్పుడు నా వెనక కూర్చుంటాడు. స్పీడోమీటరు ముల్లు 50 దాటితే భుజం మీద రెండుసార్లు తడతాడు, నేను తగ్గిస్తాను.